రీనేమ్ కాల్‌ను ఎంతవరకు పరీక్షించాలి?

సీ భాషలో రీనేమ్ చూడటానికి చాలా చిన్న ఫంక్షన్. పాత పేరు, కొత్త పేరు అని రెండు స్ట్రింగులు ఇస్తాం. పని జరిగితే సున్నా వస్తుంది, జరగకపోతే వేరే విలువ వస్తుంది. అందుకే దానికి రాసే పరీక్ష కూడా చాలాచోట్ల నాలుగు వరుసల్లో అయిపోతుంది. ఒక ఫైలు సృష్టించడం, పేరు మార్చడం, సున్నా వచ్చిందో లేదో చూడటం, వస్తే పాస్ అనుకోవడం. ఈ పరీక్షలో తప్పేమీ లేదు. కానీ రీనేమ్ ఇచ్చే హామీల్లో అన్నిటికంటే చిన్నదాన్ని మాత్రమే అది పట్టుకుంటుంది.

ఈ కాల్ మీద ఎంత బరువు ఉందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. గిట్ తన ఇండెక్స్‌ను నేరుగా తిరగరాయదు. లాక్ ఫైలులో కొత్త ప్రతిని రాసి, దాన్ని రీనేమ్‌తో పాత ఇండెక్స్ స్థానంలో పెడుతుంది. ఎన్నో టెక్స్ట్ ఎడిటర్లు, ప్యాకేజీ మేనేజర్లు, సెట్టింగులు దాచుకునే ప్రోగ్రాములు ఇదే పద్ధతి పాటిస్తాయి. పోస్ట్‌గ్రెస్ సోర్సులో డ్యూరబుల్ రీనేమ్ అనే ప్రత్యేక ఫంక్షనే ఉంది. యూనిక్స్ కుటుంబంలో ఒక ఫైలును ఉన్నపళంగా మొత్తం మార్చేయడానికి ఉన్న నమ్మకమైన దారి ఇదే. కాబట్టి దీని పరీక్ష నాలుగు వరుసల్లో ముగిసిందంటే, కింద పునాది చూడకుండా పైన ఇల్లు బాగుందని చెప్పినట్టే.

రీనేమ్ పరీక్షల గురించి నలభై ఏళ్లలో పోగుపడిన జ్ఞానాన్ని ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా వాదన ఒక్కటే. తిరిగొచ్చిన విలువను చూస్తే రీనేమ్‌ను పరీక్షించినట్టు కాదు. కాల్‌కు ముందు, జరుగుతుండగా, జరిగాక, విఫలమయ్యాక, మెషీన్ ఆగి మళ్లీ లేచాక ఫైల్ సిస్టమ్ ఏ స్థితిలో ఉందో చూడాలి.

హామీ ఎవరిది, ఎంత?

1979 నాటి ఏడో యూనిక్స్‌లో రీనేమ్ అనే సిస్టమ్ కాల్ లేదు. ఎంవీ కమాండ్ రెండు అడుగుల్లో పని చేసేది. లింక్ కాల్‌తో అదే ఫైలుకు కొత్త పేరు తగిలించి, అన్‌లింక్‌తో పాత పేరు తీసేసేది. కొత్త పేరుతో అప్పటికే ఒక ఫైలు ఉంటే ముందు దాన్ని తొలగించాల్సి వచ్చేది. ఆ తొలగింపుకూ కొత్త లింకుకూ మధ్య ఆ పేరుతో ఏ ఫైలూ ఉండదు. సరిగ్గా అక్కడ మెషీన్ ఆగిపోతే ఆ పేరే మాయమవుతుంది. డైరెక్టరీలకు లింకు పెట్టే హక్కు సూపర్ యూజర్‌కే ఉండేది. అందువల్ల వాటి పేర్లు మార్చాలంటే ఎంవీకి ప్రత్యేక అధికారాలు ఇవ్వాల్సి వచ్చేది.

1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ ఈ రెండు అడుగులనూ ఒకే కాల్‌గా కుదించింది. పని మధ్యలో సిస్టమ్ కూలిపోయినా కొత్త పేరుతో ఏదో ఒక ఫైలు ఉండి తీరుతుందని బీఎస్‌డీ మాన్యువల్ హామీ ఇచ్చింది. తర్వాత వచ్చిన ప్రమాణ పత్రాలు అంత దూరం వెళ్లలేదు. 1989 సీ ప్రమాణం రీనేమ్‌ను ప్రామాణిక లైబ్రరీలో చేర్చింది. అయితే కొత్త పేరుతో ఫైలు ముందే ఉంటే ఏం జరగాలన్నది ఆయా అమలుకే వదిలేసింది. పోసిక్స్ ఇంకాస్త గట్టిగా మాట్లాడింది. ఉన్న ఫైలు స్థానంలో కొత్తది రావాలి, మారుతున్నంత సేపూ ఆ పేరు ఇతర ప్రాసెస్‌లకు కనబడుతూనే ఉండాలి, అది పాత ఫైలునో కొత్త ఫైలునో చూపాలి. కరెంటు పోతే ఏమవుతుందన్న దానిపై మాత్రం పోసిక్స్ అలాంటి హామీ ఇవ్వలేదు.

ఈ తేడా తెలియకుండా పరీక్ష రాయలేం. మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీలో రీనేమ్, కొత్త పేరుతో ఫైలు ఉంటే విఫలమవుతుంది. సీ ప్రమాణం ప్రకారం అది సరైన ప్రవర్తనే, పోసిక్స్ ప్రకారం కాదు. లినక్స్ మీద పాస్ అయిన పరీక్ష విండోస్ మీద ఫెయిల్ అయితే అది బగ్గా కాదా అన్నది, ఏ హామీని పరీక్షిస్తున్నామో ముందే రాసుకున్నామా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మంచి పరీక్షా సంపుటంలో ప్రతి పరీక్ష పైనా అది ఏ ప్రమాణంలోని ఏ మాటను నిలబెడుతుందో ఒక వాక్యం ఉంటుంది.

మామూలు పరీక్షలో ఏమేం చూడాలి

ఒక మామూలు పరీక్షను దగ్గరగా చూద్దాం. తాత్కాలిక డైరెక్టరీలో ‘పాత’ అనే ఫైలు సృష్టించి, తెలిసిన వాక్యం ఒకటి అందులో రాశాం. రీనేమ్ పిలవకముందే స్టాట్ కాల్‌తో దాని ఐనోడ్ నంబరు, డివైస్ నంబరు, పరిమాణం, అనుమతులు, లింకుల సంఖ్య తీసి పెట్టుకోవాలి. ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌ను తెరిచే ఉంచాలి. ఇప్పుడు ‘పాత’ను ‘కొత్త’గా మార్చాలి.

సున్నా వచ్చిందో లేదో చూడటం మొదటి తనిఖీ మాత్రమే. ‘పాత’ను స్టాట్ చేస్తే విఫలమవ్వాలి, ఎర్‌నోలో ఈనోఎంట్ ఉండాలి. వేరే కారణంతో విఫలమైతే అది వేరే కథ. ‘కొత్త’ను స్టాట్ చేస్తే ముందు రాసుకున్న ఐనోడ్ నంబరే రావాలి. రీనేమ్ మార్చేది డైరెక్టరీలోని పేరునే తప్ప ఫైలును కాదు. ఐనోడ్ మారిందంటే ఎవరో లోపల కాపీ చేసి పాతదాన్ని చెరిపేశారని అర్థం. పరిమాణం, అనుమతులు, లింకుల సంఖ్య మారకూడదు. ముందే తెరిచి ఉంచిన డిస్క్రిప్టర్ నుంచి చదివితే అదే వాక్యం రావాలి.

కాలముద్రల దగ్గర జాగ్రత్త అవసరం. డైరెక్టరీ మార్పు సమయం కొత్తది కావాలని పోసిక్స్ చెబుతుంది. పేరు మారిన ఫైలు తాలూకు స్థితి మార్పు సమయం మాత్రం కొన్ని సిస్టమ్‌లలో మారుతుంది, కొన్నిట్లో మారదు, ప్రమాణం రెండింటినీ ఒప్పుకుంటుంది. అది మారాలనో మారకూడదనో పట్టుబట్టిన పరీక్ష, ప్రమాణం ఇవ్వని హామీని అడుగుతున్నట్టు. పరీక్ష తక్కువ అడిగితే బగ్గులు జారిపోతాయి. ఎక్కువ అడిగితే సరైన సిస్టమ్‌లకు తప్పుడు ముద్ర పడుతుంది. రెండూ లోపాలే.

కొత్త పేరుతో ముందే ఫైలు ఉన్న సందర్భానికి ఇంకో పరీక్ష కావాలి. ఆ పాత ఫైలును ముందే తెరిచి పెట్టుకున్న ప్రాసెస్‌కు రీనేమ్ తర్వాత కూడా పాత సంగతులే కనబడాలి. ఆ డిస్క్రిప్టర్ మీద ఎఫ్‌స్టాట్ చేస్తే, ఆ ఫైలుకు వేరే లింకులు లేని పక్షంలో, లింకుల సంఖ్య సున్నా కావాలి.

చాలామందిని ఆశ్చర్యపరిచే సందర్భం మరొకటి ఉంది. రెండు పేర్లూ ఒకే ఫైలుకు హార్డ్ లింకులైతే, పోసిక్స్ ప్రకారం రీనేమ్ ఏమీ చేయకుండా సున్నా ఇస్తుంది. అంటే ‘పాత’ పేరు అలాగే మిగిలిపోతుంది. సున్నాను మాత్రమే చూసే పరీక్షకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. సింబాలిక్ లింకు ఇస్తే పేరు మారేది లింకుకే, అది చూపే ఫైలుకు కాదు. దీనికీ లింకు, గమ్యం రెండింటినీ విడివిడిగా చూసే పరీక్ష ఉండాలి.

విఫలం కావాల్సిన చోట విఫలమైందా?

రీనేమ్‌కు వైఫల్య కారణాలు ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ ఒకే స్థాయివి కావు. ఫైలు మీదికి డైరెక్టరీని మార్చబోతే ఈనాట్‌డిర్, డైరెక్టరీ మీదికి ఫైలును మార్చబోతే ఈఈజ్‌డిర్ రావాలి. ఖాళీగా లేని డైరెక్టరీ మీదికి మరో డైరెక్టరీని తెస్తే ఈనాట్‌ఎంప్టీ గానీ ఈఎగ్జిస్ట్ గానీ రావచ్చు, ప్రమాణం రెండింటినీ అనుమతిస్తుంది. ఇలాంటి చోట ఒకే జవాబును ఆశించకుండా, ఒప్పుకోదగ్గ జవాబుల సమితిలో వచ్చిన జవాబు ఉందో లేదో చూడాలి.

డైరెక్టరీని దాని లోపలి డైరెక్టరీలోకే పంపబోతే ఈఇన్వాల్ రావాలి. ఈ నియమం లేకపోతే ఆ ఉపవృక్షం మూలం నుంచి తెగిపోయి, తనలో తానే చుట్టుకుని, ఎవరూ చేరలేని వలయంగా మిగులుతుంది. డైరెక్టరీని వేరే తల్లి డైరెక్టరీ కిందికి మార్చడానికి, ఆ రెండు తల్లి డైరెక్టరీల మీదే కాదు, ఆ డైరెక్టరీ మీద కూడా రాసే అనుమతి ఉండాలని లినక్స్ అడుగుతుంది. కారణం, దాని లోపల ఉన్న రెండు చుక్కల ఎంట్రీ కొత్త తల్లిని చూపేలా మారాలి. ఒకే తల్లి కింద పేరు మారితే ఈ అనుమతి అక్కర్లేదు. ఈ రెండు సందర్భాలనూ జంటగా పరీక్షించినప్పుడే నియమం సరిగా అమలైందని తెలుస్తుంది.

పేరు చివర స్లాష్ పెట్టడం మరో చిన్న మూల. మామూలు ఫైలుకు కొత్త పేరు చివర స్లాష్ ఉంటే కాల్ విఫలం కావాలి. పాత యూనిక్స్ వెర్షన్లలో ఎన్నో దీన్ని తప్పుగా చేసేవి. గ్నులిబ్ ప్రాజెక్టు ఏ ప్లాట్‌ఫామ్‌లో రీనేమ్ ఎక్కడ దారి తప్పుతుందో ఒక చిట్టా రాసి, సరిదిద్దిన ఫంక్షన్‌ను, దానికి పరీక్షలను కూడా ఇచ్చింది. పోర్టబిలిటీ కావాలనుకునేవారు ఆ చిట్టా చదివితే, తమకు తట్టని సందర్భాలు ఎన్నో దొరుకుతాయి.

వైఫల్య పరీక్షల్లో ఎక్కువగా వదిలేసేది ఒకటుంది. ఎర్‌నో సరిగ్గా వచ్చింది, మరి ఫైళ్లు? విఫలమైన రీనేమ్ దేన్నీ కదపకూడదు. పాత పేరు, కొత్త పేరు, రెండింటి ఐనోడ్లు, రెండింటి సంగతులు ముందెలా ఉన్నాయో అలాగే ఉండాలి. మొదటి పరీక్షలో రాసుకున్న వివరాలన్నిటినీ వైఫల్యం తర్వాత మళ్లీ పోల్చాలి. ఎర్‌నో విషయంలోనూ ఒక క్రమశిక్షణ కావాలి. కాల్ విఫలమైన వెంటనే దాన్ని వేరే చరరాశిలో దాచుకోవాలి. మధ్యలో ఒక ప్రింట్ పిలుపు వచ్చినా ఆ విలువ చెరిగిపోవచ్చు.

పరీక్ష నడిచే చోటు

రాసిన పరీక్ష సరైనదే అయినా, నడిచే చోటు దాన్ని అబద్ధం చేయగలదు. అనుమతుల పరీక్షలు దీనికి మంచి ఉదాహరణ. కంటైనర్లలో నడిచే బిల్డ్ వ్యవస్థలు చాలావరకు రూట్‌గా నడుస్తాయి. రూట్‌కు డైరెక్టరీ మీద రాసే అనుమతి తీసేసినా రీనేమ్ జరిగిపోతుంది. ఈయాక్సెస్ ఆశించిన పరీక్ష ఫెయిల్ అవుతుంది. దాన్ని చూసి విసిగి ఎవరో ఆ పరీక్షను తీసేస్తారు. చేయాల్సింది తీసేయడం కాదు, ఫోర్క్ చేసిన పిల్ల ప్రాసెస్‌లో మామూలు యూజర్‌గా మారి పరీక్షను నడపడం. స్టికీ బిట్ ఉన్న డైరెక్టరీలో వేరేవారి ఫైలు పేరు మార్చలేకపోవడాన్ని చూసే పరీక్షకూ ఇదే దారి.

ఈఎక్స్‌డెవ్ ఇంకో మూల. రెండు పేర్లు వేర్వేరు ఫైల్ సిస్టమ్‌లలో ఉంటే రీనేమ్ కుదరదు. టెంప్ డైరెక్టరీ మెమరీలోని టీఎంపీఎఫ్‌ఎస్ మీద, హోమ్ డైరెక్టరీ డిస్క్ మీద ఉండే మెషీన్లలో ఇది తరచూ ఎదురవుతుంది. ఒకే ఫైల్ సిస్టమ్‌ను రెండు చోట్ల మౌంట్ చేసినా లినక్స్ వాటి మధ్య రీనేమ్‌ను ఒప్పుకోదు. కంటైనర్ల కింద ఉండే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్‌లో, కింది పొరలోంచి వచ్చిన డైరెక్టరీ పేరు మార్చబోతే, రీడైరెక్ట్ సదుపాయం ఆన్‌లో లేని పక్షంలో, ఒకే డైరెక్టరీలో ఉన్నా ఈఎక్స్‌డెవ్ వస్తుంది. ల్యాప్‌టాప్‌లో పాస్, కంటైనర్‌లో ఫెయిల్ అయ్యే పరీక్షల వెనక తరచూ ఇలాంటి కారణమే ఉంటుంది.

ఎంవీ కమాండ్ ఈఎక్స్‌డెవ్ వస్తే కాపీ చేసి పాతదాన్ని తొలగిస్తుంది. ఆ క్షణం నుంచి ఒక్క దెబ్బలో మారుతుందన్న హామీ పోయినట్టే. అప్లికేషన్ పరీక్షలో దీన్ని కచ్చితంగా చూడాలి. తాత్కాలిక ఫైలును గమ్యం ఉన్న డైరెక్టరీలోనే సృష్టిస్తున్నారా, లేక టెంప్‌లో సృష్టించి తెస్తున్నారా?

డిస్క్ నిండిపోవడం, చదవడానికి మాత్రమే మౌంట్ అవడం వంటివి పరీక్షించడానికి చిన్న లూప్ డివైస్ మీద ఫైల్ సిస్టమ్ సృష్టించి నింపడం పాత పద్ధతి. ఎస్‌ట్రేస్‌తో సిస్టమ్ కాల్ దగ్గరే కావలసిన ఎర్‌నోను చొప్పించడం కొత్త పద్ధతి. అయితే ఒక చిక్కుంది. సీలో రీనేమ్ అని రాసినా కెర్నల్‌కు వెళ్లే కాల్ అన్ని ప్రాసెసర్ల మీదా ఒకటి కాదు. ఎక్స్86 మీద రీనేమ్ అనే కాల్ ఉంది, 64 బిట్ ఆర్మ్ మీద అది లేదు, రిస్క్‌ఫైవ్ మీద రీనేమ్ఎట్2 ఒక్కటే ఉంది. ఒక్క పేరునే అడ్డగించే పరీక్ష వేరే మెషీన్ మీద ఏ దోషాన్నీ చొప్పించకుండానే పాస్ అని చెబుతుంది.

తెలుగు పేర్లతో పరీక్ష

పరీక్షల్లో ఫైళ్ల పేర్లు ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు పేర్లు పెట్టగానే కొత్త దోషాలు బయటపడతాయి. లినక్స్‌లోని ప్రధాన ఫైల్ సిస్టమ్‌లలో ఒక పేరు పొడవు 255 బైట్లకు పరిమితం. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింటుకూ మూడు బైట్లు పడతాయి. అంటే 85 కోడ్ పాయింట్లు సరిగ్గా పడతాయి. దానికి ఒక్క ఇంగ్లీషు అక్షరం కలిపినా 256 అయి ఈనేమ్‌టూలాంగ్ వస్తుంది. మన కంటికి ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. ఆ అక్షరాన్ని 14 సార్లు రాస్తే 252 బైట్లు, పదిహేనోసారి పడదు. అక్షరాల లెక్కన పొడవు చూసే ప్రోగ్రాములు ఇక్కడ దెబ్బతింటాయి. పేరు మరీ పొడవైందని మధ్యలో కత్తిరించేవైతే ఒక కోడ్ పాయింటును సగానికి నరికేస్తాయి.

ఇంకో దోషం కంటికి కనబడదు. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు, ఒకే కోడ్ పాయింటుగా గానీ, ఎత్వమూ ఐత్వపు పొడిగింపు గుర్తూ కలిపి రెండుగా గానీ. యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే. ‘హైదరాబాద్’ అన్న పేరు మొదటి పద్ధతిలో 27 బైట్లు, రెండో పద్ధతిలో 30 బైట్లు. ఈఎక్స్‌టీ4 మామూలుగా పేర్లను బైట్ల వరుసగానే చూస్తుంది కాబట్టి, చూడటానికి ఒకేలా ఉండే రెండు ‘హైదరాబాద్’లు ఒకే డైరెక్టరీలో ఉండగలవు. ఆపిల్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అన్ని పేర్లనూ విడదీసిన రూపంలోకి మార్చి దాచేది. తర్వాతి ఏపీఎఫ్‌ఎస్ రాసిన రూపాన్నే ఉంచుతుంది గానీ, వెతికేటప్పుడు రెండింటినీ ఒకటిగా చూస్తుంది. ఒక రూపం నుంచి మరో రూపానికి రీనేమ్ చేస్తే లినక్స్‌లో అది మామూలు పేరు మార్పు, లేదా ఇంకో ఫైలును తొక్కేయడం. మ్యాక్‌లో ఆ రెండు పేర్లూ ఒకే ఫైలువి. తెలుగు పుస్తకాలు, పాత పత్రికల స్కాన్‌లు, కుటుంబ పత్రాలు తెలుగు పేర్లతో దాచుకుంటున్న ఈ రోజుల్లో, మనకోసం తయారయ్యే ప్రతి సాఫ్ట్‌వేర్ పరీక్షలోనూ ఈ రెండు పేర్లూ ఉండాలి.

ఒకేసారి ఇద్దరు

రీనేమ్ అసలు విలువ, చుట్టూ వేరే ప్రాసెస్‌లు అదే పేరును వాడుతున్నప్పుడే తెలుస్తుంది. దీని పరీక్ష ఇలా ఉంటుంది. ఒక ప్రాసెస్ ఒకసారి అన్నీ ‘అ’లు నిండిన ఫైలును, మరోసారి అన్నీ ‘ఆ’లు నిండిన ఫైలును ఒకే పేరు మీదికి రీనేమ్ చేస్తూ పోతుంది. మరికొన్ని ప్రాసెస్‌లు అదే పేరును తెరిచి, మొదలు నుంచి చివరిదాకా చదువుతుంటాయి. ఒక్కసారి కూడా తెరవడం ఈనోఎంట్‌తో విఫలం కాకూడదు. చదివినదంతా ‘అ’లే అయినా కావాలి, ‘ఆ’లే అయినా కావాలి, కలగలుపు ఉండకూడదు.

ఇక్కడ ఎక్కువ అడిగే ప్రమాదం మళ్లీ ఉంది. పేరు మారే క్షణంలో పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే ఫైలును చూపవచ్చని లినక్స్ మాన్యువల్ ముందే హెచ్చరిస్తుంది. రెండూ ఒకేసారి కనబడితే ఫెయిల్ అని రాసిన పరీక్ష తప్పు.

ఇలాంటి పరీక్ష గంటసేపు నడిచి పాస్ అయినా దోషం లేదని రుజువు కాదు. అందుకే పరీక్షకే ఒక పరీక్ష పెట్టాలి. రీనేమ్ స్థానంలో అన్‌లింక్, లింక్ జంటను కావాలని పెట్టి నడపాలి. ఏడో యూనిక్స్ నాటి ఆ ఖాళీని మన పరీక్ష పట్టుకోలేకపోతే, అసలు రీనేమ్ గురించి అది చెప్పే పాస్‌కు విలువ లేదు. ప్రాసెస్‌ల సంఖ్య పెంచాలి, వేర్వేరు సీపీయూల మీద నడపాలి, ఆ ఖాళీ దొరికేదాకా పరీక్షను పదును పెట్టాలి.

డైరెక్టరీల విషయంలో పోటీ ఇంకా కఠినం. ఒక ప్రాసెస్ ‘క’ను ‘గ’ లోపలికి, అదే క్షణంలో మరోటి ‘గ’ను ‘క’ లోపలికి మార్చబోతే ఒక్కటే నెగ్గాలి. రెండూ నెగ్గితే ఇందాక చెప్పిన వలయం ఏర్పడుతుంది. దీన్ని అడ్డుకోవడానికే లినక్స్, డైరెక్టరీల మధ్య జరిగే రీనేమ్‌లకు ఫైల్ సిస్టమ్ మొత్తానికి ఒక మ్యూటెక్స్ పెట్టింది. తాళాలు ఉన్నచోట డెడ్‌లాక్ ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి, ఈ పరీక్షలకు కాలపరిమితి తప్పనిసరి. కదలకుండా ఆగిపోవడాన్ని కూడా ఫెయిల్ అనే లెక్కించాలి.

ఉన్న ఫైలును తొక్కకుండా పేరు మార్చాలనుకునేవారు ముందు ఆ పేరు ఉందో లేదో చూసి, తర్వాత రీనేమ్ పిలుస్తారు. ఆ రెంటి మధ్య ఇంకొకరు ఆ పేరుతో ఫైలు సృష్టిస్తే అది నిశ్శబ్దంగా పోతుంది. 2014లో లినక్స్ 3.15లో వచ్చిన రీనేమ్ఎట్2 దీనికి నోరీప్లేస్ అనే ఫ్లాగ్ ఇచ్చింది. ఎక్స్‌ఛేంజ్ ఫ్లాగ్‌తో రెండు పేర్లను ఒక్క దెబ్బలో తారుమారు చేయవచ్చు. జీలిబ్‌సీలో దీనికి నేరుగా పిలిచే ఫంక్షన్ 2018లో, 2.28 వెర్షన్‌తో వచ్చింది. అన్ని ఫైల్ సిస్టమ్‌లూ ఈ ఫ్లాగులను అందుకోవు, అప్పుడు ఈఇన్వాల్ వస్తుంది. పాత కెర్నల్‌లో ఆ కాల్ ఉండదు. ఇలాంటప్పుడు పరీక్ష ‘ఇక్కడ వర్తించదు’ అని చెప్పాలి గానీ ఫెయిల్ అనకూడదు, పాస్ అని అసలే అనకూడదు.

కరెంటు పోయాక

అన్నిటికంటే తక్కువ పరీక్షకు నోచుకునేది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. 2009లో ఈఎక్స్‌టీ4 కొత్తగా వాడుకలోకి వస్తున్నప్పుడు, ఉబుంటు వినియోగదారులు కొందరు మెషీన్ క్రాష్ అయి లేచాక తమ సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలాయని గమనించారు. ప్రోగ్రాములు తాత్కాలిక ఫైలు రాసి రీనేమ్ చేసినా ఇలా జరగగలిగింది. డేటా బ్లాకులను ఆలస్యంగా కేటాయించే ఈఎక్స్‌టీ4లో, పేరు మార్పు ముందు డిస్క్ చేరింది, అసలు డేటా చేరలేదు. ఈఎక్స్‌టీ4 నిర్వాహకుడు టెడ్ సో, ఎఫ్‌సింక్ పిలవకుండా ఆ హామీ ఆశించకూడదని వివరిస్తూనే, రీనేమ్‌తో పాత ఫైలును తొక్కేటప్పుడు డేటాను వెంటనే పంపించే మార్పులు తెచ్చారు. అవి 2.6.30 కెర్నల్‌లో చేరాయి.

నేటికీ సరైన వరుస ఇదే. తాత్కాలిక ఫైలులో రాయాలి, రాతలో దోషం రాలేదని చూడాలి, ఎఫ్‌సింక్ చేయాలి, రీనేమ్ చేయాలి, చివరికి ఆ డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చేయాలి. దీన్ని పరీక్షించడానికి ప్రాసెస్‌ను కిల్ చేయడం చాలదు. ప్రాసెస్ చచ్చినా కెర్నల్ బతికే ఉంటుంది, పేజ్ క్యాష్‌లోని డేటా తర్వాత తీరిగ్గా డిస్క్ చేరుతుంది. డిస్క్‌కు వెళ్లే రాతలను వరుసగా రికార్డు చేసి, మధ్యలో ఎక్కడైనా ఆపి, ఆ స్థితి నుంచి మౌంట్ చేసి చూడాలి. లినక్స్‌లోని డీఎం-లాగ్-రైట్స్ ఇందుకే ఉంది.

పరిశోధకులు ఈ దారిలో చాలా దూరం వెళ్లారు. 2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ బృందం ఆలిస్ అనే సాధనంతో గిట్, ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్, లెవెల్‌డీబీ వంటి 11 అప్లికేషన్లను పరిశీలించి, క్రాష్ వల్ల దెబ్బతినగల 60 బలహీనతలను కనిపెట్టింది. 2018లో టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌కు చెందిన జయశ్రీ మోహన్ తదితరులు క్రాష్‌మంకీ, ఏస్ అనే సాధనాలతో చిన్న చిన్న కాల్ వరుసలను క్రమబద్ధంగా పుట్టించి పరీక్షించారు. ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న లినక్స్ ఫైల్ సిస్టమ్‌లలో 10 కొత్త దోషాలు దొరికాయి, వాటిలో ఏడు 2014 నుంచీ కెర్నల్‌లోనే ఉన్నాయి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో రీనేమ్ తర్వాత క్రాష్ అయితే ఫైలు మాయమయ్యే దోషం కూడా ఆ జాబితాలో ఉంది. రెండు మూడు కాల్‌ల చిన్న వరుసలే ఇంత బయటపెట్టాయంటే, ఆ వరుసలను అంతకుముందు ఎవరూ ఓపికగా నడిపి చూడలేదనే అర్థం.

నెట్‌వర్క్ మీద మరో చిక్కు ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో సర్వర్ పేరు మార్చేసి, జవాబు దారిలో పోతే, క్లయింట్ మళ్లీ అడుగుతుంది. ఈసారి పాత పేరు ఉండదు కాబట్టి ఈనోఎంట్ రావచ్చు. పని జరిగింది, జవాబు మాత్రం వైఫల్యం. ఎన్‌ఎఫ్‌ఎస్ మీద రీనేమ్ విఫలమైందంటే పేరు మారలేదని అనుకోవద్దని లినక్స్ మాన్యువలే చెబుతుంది. తిరిగొచ్చిన విలువ ఒక్కటే సాక్ష్యం కాదనడానికి ఇంతకంటే గట్టి నిదర్శనం అక్కర్లేదు.

ఉన్న సంపుటాలు, లేని ఇటుకలు

ఈ పనిని మొదటి నుంచీ చేయక్కర్లేదు. లినక్స్ టెస్ట్ ప్రాజెక్టులో రీనేమ్ పరీక్షలు వరుస నంబర్లతో ఉన్నాయి. ఫైలు, డైరెక్టరీ, ఎర్‌నోలు, స్టికీ బిట్, హార్డ్ లింక్ సందర్భాలను ఒక్కొక్కటిగా చూస్తాయి. సీలో పరీక్ష ఎలా రాయాలో నేర్చుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు. ఫ్రీబీఎస్‌డీ నుంచి వచ్చిన పీజేడీఎఫ్‌ఎస్‌టెస్ట్ అనుమతుల కలయికలను ఓపికగా తిరగేస్తుంది, పోసిక్స్‌ను ఎంత పాటిస్తున్నారో చెప్పడంలో దిట్ట. ఎస్‌జీఐలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ కోసం పుట్టిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ ఇప్పుడు అన్ని లినక్స్ ఫైల్ సిస్టమ్‌లకూ వాడుకలో ఉంది. రీనేమ్ఎట్2 ఫ్లాగులూ, క్రాష్ తర్వాతి స్థితీ అందులో బాగా పరీక్షకు వస్తాయి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2015లో వెలువరించిన సిబిల్‌ఎఫ్‌ఎస్ వేరే దారి పట్టింది. పోసిక్స్‌ను గణిత రూపంలో రాసి, ఒక్కో కాల్‌కు ఏయే జవాబులు ఒప్పుకోదగినవో లెక్కగట్టి, ఇరవై వేలకు పైగా పరీక్షల ఫలితాలను దానితో పోల్చింది. ఒకే సరైన జవాబు లేని రీనేమ్ లాంటి కాల్‌కు ఇది సరిగ్గా సరిపోయే పద్ధతి.

ఈ సంపుటాలన్నీ ఎక్కువగా కెర్నల్‌నూ ఫైల్ సిస్టమ్‌నూ పరీక్షిస్తాయి. ఆ కాల్‌ను వాడే మన ప్రోగ్రాములను పరీక్షించవు. లోపం ఎక్కువగా అక్కడే ఉంది. ఆలిస్ బయటపెట్టిన 60 బలహీనతలూ అప్లికేషన్లవే. రాత విఫలమైనా చూడకుండా రీనేమ్ చేసి, మంచి ఫైలును సగం ఫైలుతో తొక్కేసే ప్రోగ్రాములు నేటికీ ఎన్నో. దీన్ని పట్టుకోవడానికి పరిశోధనశాల అక్కర్లేదు. చిన్న లూప్ డివైస్‌ను నింపి సేవ్ నొక్కి, పాత ఫైలు చెక్కుచెదరకుండా ఉందో లేదో చూస్తే చాలు.

సమయం తక్కువున్నవారికి నేను సూచించే క్రమం ఇది. ముందు స్థితిని పోల్చే ఫంక్షన్ ఒకటి రాసుకుని, గెలుపు, ఓటమి పరీక్షలు రెండింటిలోనూ అదే వాడండి. తర్వాత డిస్క్ నిండినప్పుడు, వేరే మౌంట్ ఎదురైనప్పుడు ప్రోగ్రాం ఏం చేస్తుందో చూడండి. రూట్ కాని యూజర్‌గా నడపండి. తెలుగు పేర్లు రెండు రూపాల్లోనూ పెట్టండి. పోటీ పరీక్షకు కావాలని దోషం పెట్టి, దాన్ని పట్టుకునేదాకా పదును పెట్టండి. చివరికి, ఎవరి డేటా అయినా మీ చేతిలో ఉంటే, క్రాష్ పరీక్ష లేకుండా విడుదల చేయకండి. కళాశాలల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ చెప్పే అధ్యాపకులు రీనేమ్‌ను ఒక అభ్యాసంగా ఇవ్వాలని నా కోరిక. రెండు ఆర్గ్యుమెంట్లున్న ఈ కాల్‌ను చివరిదాకా పరీక్షించిన విద్యార్థి ప్రమాణాన్ని చదవడం, పోటీని ఊహించడం, వైఫల్యం తర్వాతి స్థితిని చూడటం ఒకే చోట నేర్చుకుంటాడు. ఆ అలవాటు అబ్బినవారు రాసే ప్రోగ్రాముల్లో మన ఫైళ్లు భద్రంగా ఉంటాయి.